తమ్ముడికి మనిషిని వెతికే ముందు తమ్ముడిని అడగండి

గుంటూరు నుంచి ఒక టీచరుగారు రాశారు. ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, వయసు 43. తమ్ముడికి 36. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ అదుపులో ఉండకపోవడం, వీల్‌చెయిర్‌లోనే ఉంటాడు. మాట ముద్దగా వస్తుంది కానీ అన్నీ అర్థమవుతాయి, పేపరు చదువుతాడు, క్రికెట్ స్కోర్లన్నీ నోటికి చెబుతాడు. ఇన్నాళ్ళూ వాళ్ళమ్మే చూసుకున్నారు. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాలి ఆపరేషన్ అయ్యాక అతన్ని లేపి కూర్చోబెట్టలేకపోతున్నారు. ఏజెన్సీ ద్వారా వచ్చిన ముగ్గురు కేర్‌టేకర్లూ నిలవలేదు. మూడో అతను ఉన్నన్నాళ్ళూ తమ్ముడు సరిగ్గా అన్నం తినలేదు. చుట్టాలేమో ఏదైనా హోమ్‌లో చేర్చెయ్యమంటున్నారు. "సరైన మనిషిని ఎలా వెతుక్కోవాలి? నేను ఉద్యోగానికి వెళ్ళడం స్వార్థమా?" ఇదీ ఆవిడ అడిగింది.

అమ్మా, మీ ఉత్తరంలో మీరేమనుకుంటున్నారో ఉంది, మీ అమ్మగారు ఏమంటున్నారో ఉంది, ఏజెన్సీ వాళ్ళ మాటలు, చుట్టాల మాటలు, మీవారి మౌనం అన్నీ ఉన్నాయి. తమ్ముడు ఏమన్నాడో మాత్రం ఎక్కడా లేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు, మాట స్పష్టంగా రాని మనిషి ఉన్న చాలా ఇళ్ళల్లో ఇలాగే జరుగుతుంది, అతని ముందే అతని గురించి అందరూ మాట్లాడుకుంటారు, అతనితో ఎవరూ మాట్లాడరు. కానీ పొద్దున్నే తన ఒంటి మీద చెయ్యి వేసేది ఎవరో, తనకి స్నానం చేయించేది ఎవరో చెప్పే హక్కు 36 ఏళ్ళ మగవాడికి ఉండాలి కదా. ముగ్గురు వెళ్ళిపోయారంటే వాళ్ళు మంచివాళ్ళు కాకపోవచ్చు, లేదా ఎవరినీ అతను ఒప్పుకోకుండానే అతని గదిలోకి పంపించి ఉండొచ్చు.

అందుకని కొత్త మనిషి కోసం ఫోన్లు మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. మూడో అతను ఉన్నప్పుడు అన్నం ఎందుకు తినలేదో తమ్ముడిని అడగండి. మీరొక్కరే, తలుపు వేసుకుని, అమ్మ లేనప్పుడు అడగండి, ఎందుకంటే అమ్మ బాధపడుతుందని అతను చాలా విషయాలు దాచిపెడతాడు. తొందరపెట్టకండి, మాట పూర్తయ్యేదాకా ఆగండి, అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపకుండా మళ్ళీ అడగండి. కారణం చిన్నదే కావచ్చు. పడుకోబెట్టి పెడితే పొలమారుతుందని భయమో, పెద్ద పెద్ద ముద్దలు పెట్టి తొందరపెట్టాడో. అలా కాకుండా తిట్టాడనో కొట్టాడనో చెబితే, భుజాల కింద, చంకల దగ్గర, తొడల మీద కమిలిన మచ్చలు కనిపిస్తే, దాన్ని ఏజెన్సీతో సర్దుబాటు చేసుకోకండి. 112కి ఫోన్ చేయండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి కూడా ఫిర్యాదు చేయొచ్చు, మీకు అందుబాటులో ఉండేది మీ తహసీల్దారే. ఆ మనిషి రేపు ఇంకో ఇంటికి వెళ్తాడు, అక్కడున్నవాళ్ళకి మీ తమ్ముడికి వచ్చినంత మాట కూడా రాకపోవచ్చు.

ఇక వెతకడం. ఏజెన్సీకి ఫోన్ చేసి "ఒక మనిషి కావాలి" అంటే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళని పంపిస్తారు. మీరూ తమ్ముడూ కూర్చుని అతని రోజంతా ఒక కాగితం మీద రాయండి. ఎన్నింటికి లేస్తాడు, బాత్రూమ్‌కి ఎలా తీసుకెళ్ళాలి, మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి ఎక్కడ పట్టుకుని దించాలి. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయినప్పుడు గబుక్కున లాగితే ఇంకా బిగుసుకుంటాయి, నెమ్మదిగా పట్టుకుని వదులయ్యేదాకా ఆగాలి, అది మీకు తెలుసు, కొత్తవాడికి తెలీదు. అన్నం నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి, చిన్న ముద్దలు పెట్టాలి. ఫిట్స్ మాత్రలు ఏ టైముకి, ఫిట్స్ వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, అయిదు నిమిషాలు దాటితే 108. ఇవన్నీ రాస్తే మీకే ఒక సంగతి తేలుతుంది, మీకు నర్సు అక్కర్లేదు. ముక్కులోంచి గొట్టం, యూరిన్ పైపు లాంటివి ఏమీ లేవని రాశారు. ఓపిక ఉండి, లేపడం దించడం తెలిసిన మగ అటెండర్ చాలు. అదీ పగటిపూటకి, మీరు స్కూల్లో ఉండే సమయానికి. రాత్రి మీవారు లేచి పక్కకి తిప్పుతున్నారంటున్నారు, అది సాగుతున్నంతకాలం 24 గంటల మనిషిని పెట్టకండి. ఒకే మనిషి రాత్రీ పగలూ చేస్తే నిద్ర లేక విసుగొస్తుంది, ఆ విసుగంతా మీ తమ్ముడి మీదే పడుతుంది.

అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారంటే, ముందు ఫిజియోథెరపిస్టుని అడగండి. ఇళ్ళకి తిరిగేవాళ్ళకి ఏ ఇంట్లో ఎవరు ఎలా చూస్తున్నారో తెలుస్తుంది, ఏ ముసలాయన పోయాక ఏ కుర్రాడు పని లేకుండా ఉన్నాడో కూడా తెలుస్తుంది. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులు, ఆస్పత్రి వార్డుల్లో రోజుకూలి మీద చేసే అటెండర్లు కూడా మంచి దారే. ఏజెన్సీ ఆఖరికి. అక్కడికే వెళ్ళాల్సి వస్తే మీరు కట్టేదాంట్లో ఆ అబ్బాయి చేతికి ఎంత వెళ్తుందో, మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపిస్తారో, రిజిస్ట్రేషన్ ఫీజు మళ్ళీ కట్టాలో లేదో కాగితం మీద రాయించుకోండి. చేతికి సగమే అందే మనిషి ఎక్కువకాలం ఉండడు.

మాట్లాడటానికి వచ్చినప్పుడు తమ్ముడు గదిలోనే ఉండాలి. వచ్చినవాడు ఎవరివైపు చూసి మాట్లాడుతున్నాడో గమనించండి. మీవైపు చూసి "ఈయన బాత్రూమ్ చెప్తాడా?" అంటే ఒక రకం, తమ్ముడి వైపు తిరిగి "అన్నా, మీకు ఎలా అయితే బాగుంటుంది?" అంటే ఇంకో రకం. నేనైతే అనుభవం కంటే దీనికే ఎక్కువ విలువిస్తాను, లేపడం నాలుగు రోజుల్లో నేర్పించొచ్చు, ఇది నేర్పించలేం. తమ్ముడు తిననని మొండికేస్తే ఏం చేస్తావని అతన్ని అడగండి. "ఎలాగోలా పెట్టేస్తానండి" అనేవాడిని గౌరవంగా పంపించెయ్యండి. ఇంతకుముందు చేసిన ఇంటివాళ్ళతో మీరే ఫోన్లో మాట్లాడండి, ఆధార్ కాపీ తీసుకోండి, స్టేషన్లో వెరిఫికేషన్‌కి ఇవ్వండి. జీతం ఇచ్చి కొన్నాళ్ళు ట్రయల్ పెట్టండి, దసరా సెలవుల్లో అయితే మీరూ ఇంట్లోనే ఉంటారు. ఆ తర్వాత ఉంచాలో వద్దో తమ్ముడు చెప్పాలి. కెమెరా గురించి అడిగారు. హాల్లో పెట్టుకోండి, తమ్ముడికి చెప్పి. స్నానం చేయించే చోట, బట్టలు మార్చే చోట వద్దే వద్దు.

మీ అమ్మగారి సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ముగ్గురిలో ఇద్దరు "పెద్దమ్మగారు ప్రతిదానికీ వంక పెడుతున్నారు" అని వెళ్ళిపోయారని మీరే రాశారు. ఆవిడ 36 ఏళ్ళు తన చేత్తో కలిపి పెట్టిన అన్నం అది. ఇంకొకరి చేతి ముద్ద కొడుకు తింటుంటే చూడటం ఆవిడకి ఎంత కష్టమో. ఆవిడని పక్కన కూర్చోమనడం కంటే నేర్పించే పని ఆవిడకే అప్పగించండి. మొదటి వారం కొత్త అబ్బాయికి అన్నీ ఆవిడే చూపించాలి, తర్వాత రోజుకి ఒక పూట మాత్రం ఆవిడే తినిపించాలి, అది ఎవరూ తీసుకోకూడదు. మిగతా పూటలు ఆవిడ ఆ గదిలో ఉండకపోతేనే మంచిది.

ఉద్యోగం స్వార్థం కాదు. ఆ జీతంతోనే కేర్‌టేకర్‌ని పెట్టబోతున్నారు, అది అలా ఉంచితే, ఇంట్లో కూర్చున్న అక్క రోజంతా తనకోసమే ఆగిపోయిందని తమ్ముడికి తెలుస్తూనే ఉంటుంది. హోమ్ మాట చుట్టాలు తేల్చేది కాదు. అతనికి చూడాలనిపిస్తే తీసుకెళ్ళి చూపించండి, వద్దంటే ఆ మాట అక్కడితో సరి.

డబ్బు విషయం. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉందన్నారు, పెన్షన్ సంగతి రాయలేదు. ఆంధ్రలో 2024 జులై నుంచి దివ్యాంగుల పెన్షన్ నెలకి 6,000, అర్హత ఉందేమో మీ వార్డు సచివాలయంలో అడగండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది, లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులకీ కొంత ఇస్తారు. తమ్ముడు మీమీదే ఆధారపడి ఉంటే, మీరు పాత పద్ధతిలో ఇన్‌కమ్ టాక్స్ కడుతుంటే అతని పోషణ కింద మీ ఆదాయంలో ఏడాదికి 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 1,25,000 తగ్గింపు ఉంది.

వచ్చిన అబ్బాయికి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వండి, జీతం ఒకటో తేదీకే చేతిలో పెట్టండి, అంట్లూ బజారు పనీ చెప్పకండి. ఆ సెలవు రోజున, జ్వరమొచ్చి రాని రోజున ఎవరు వస్తారో ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఆ రెండో మనిషికి కూడా నెలకి ఒకటి రెండు రోజులు పని ఇస్తూ ఉంటే తమ్ముడికి అలవాటవుతాడు, మొదటివాడు చెప్పకుండా మానేసినా మీరు స్కూలుకి సెలవు పెట్టక్కర్లేదు.