లేహ్ విమానాశ్రయానికి ఎవరి పేరు?

ప్రశ్న: ఈ మధ్య లద్దాఖ్ యాత్రకు వెళ్లినప్పుడు లేహ్ విమానాశ్రయం మీద ‘కుషోక్ బకులా రింపోచే’ అన్న పేరు చూశాను. ఆయన బౌద్ధ గురువని ఒకరు, లోక్‌సభ సభ్యుడని ఇంకొకరు, రాయబారి అని మరొకరు చెప్పారు. ఏది నిజమో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మూడూ నిజమేనండి. లద్దాఖ్ రాజవంశానికి చెందిన మాథో కుటుంబంలో పుట్టిన ఆయనను, బుద్ధుని శిష్యులైన పదహారుమంది అర్హతులలో (నిర్వాణస్థితిని చేరిన సాధువులలో) ఒకరైన బకులుని పందొమ్మిదవ అవతారంగా పదమూడవ దలైలామా గుర్తించారు. లాసా దగ్గరి ద్రెపుంగ్ మఠంలో చాలా ఏళ్లు చదువుకొని తిరిగివచ్చి, లేహ్ పక్కనే ఉన్న స్పితుక్ మఠానికి అధిపతిగా కొనసాగారు. మీరు దిగిన విమానాశ్రయం ఆ మఠమున్న కొండకు సమీపంలోనే ఉంది.

1951లో ఆయన జమ్మూ కాశ్మీర్ రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాది బడ్జెట్ చర్చలో, రాష్ట్ర ప్రభుత్వం లద్దాఖ్‌ను పూర్తిగా విస్మరించిందని ఆయన సభలోనే ఎండగట్టారు. ఆయన రాజకీయ జీవితంలో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఏదంటే, తర్వాత వచ్చిన పదవులను కాక, ఈ ప్రసంగాన్నే చెబుతాను. అధికార పక్షానికి దగ్గరగా ఉంటూనే దాన్ని నిలదీయడం ఆ రోజుల్లో, అందునా ఒక సన్యాసికి, తేలికైన పని కాదు. రాష్ట్ర ప్రభుత్వాధినేత బక్షీ గులాం మహమ్మద్ హయాంలో ఆయన మంత్రివర్గంలో చేరి లద్దాఖ్ వ్యవహారాలు చూశారు. లేహ్‌లో 1959లో మొదలై ఇప్పుడు కేంద్రీయ బౌద్ధ అధ్యయన సంస్థగా ఉన్న విద్యాలయం వెనుక నెహ్రూతో పాటు ఆయన చొరవ కూడా ఉంది.

ఇక లోక్‌సభ సంగతి. 1967కు ముందు జమ్మూ కాశ్మీర్ నుంచి లోక్‌సభకు ప్రత్యక్ష ఎన్నికలు ఉండేవి కావు. రాష్ట్ర శాసనసభ సిఫారసు మీద రాష్ట్రపతి సభ్యులను నియమించేవారు. కాబట్టి 1967లో లద్దాఖ్ నుంచి లోక్‌సభకు నేరుగా ఎన్నికైన మొదటి ప్రతినిధి బకులాయే. 1971లో కూడా కాంగ్రెస్ తరఫున గెలిచి, మొత్తం మీద పదేళ్లు సభలో ఉన్నారు. అంత పెద్ద సభలో ఒకే ఒక్క స్థానం ఉన్న ప్రాంతం వోటుబలంతో ఏదీ సాధించలేదు. నెహ్రూతోనూ తర్వాత ఇందిరతోనూ ఉన్న చనువే ఆయన అసలు బలం. ఆయన నాయకత్వం అందరికీ సమ్మతమైందని మాత్రం అనలేం. లద్దాఖ్ బౌద్ధుల్లోనే ఆయనకు ప్రత్యర్థి వర్గం ఉండేది. షియా ముస్లింలు అధికంగా ఉన్న కార్గిల్ ప్రాంతపు రాజకీయాలు వేరే దారిలో నడిచేవి.

రాయబారిగా ఆయన 1990లో మంగోలియాకు వెళ్లారు. అదే ఏడాది అక్కడ ఏకపార్టీ పాలన ముగిసి బహుళపక్ష ఎన్నికలు జరిగాయి. దశాబ్దాలుగా అణచివేతకు గురైన బౌద్ధం మళ్లీ వేళ్లూనుకుంటున్న ఆ కాలంలో, రాయబారే మఠగురువు కూడా కావడం మంగోలుల దృష్టిలో మామూలు విషయం కాదు. 2000 వరకు ఆయన అక్కడే పనిచేసి, రాజధాని ఉలాన్‌బాటర్‌లో ఒక మఠాన్ని కూడా స్థాపించారు. 1988లో పద్మభూషణ్ అందుకున్నారు. 2003 నవంబరులో కన్నుమూశారు.

ప్రశ్న: లద్దాఖ్‌కు ఇప్పటికీ ఒకే లోక్‌సభ స్థానమా?
– అదే పాఠకురాలు

జవాబు: ఒకటే. విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్ద నియోజకవర్గం అది. ఓటర్లు రెండు లక్షల లోపే. అందుకే అక్కడ గెలుపోటములు ఒక్కోసారి వెంట్రుకవాసిలో తేలిపోతుంటాయి: 2014లో థుప్‌స్తాన్ ఛెవాంగ్ 36 ఓట్ల తేడాతో గెలిచారు. 2024లో కార్గిల్‌కు చెందిన స్వతంత్ర అభ్యర్థి మహమ్మద్ హనీఫా ఎన్నికయ్యారు. 2019 అక్టోబరు 31న లద్దాఖ్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడింది. పూర్వం జమ్మూ కాశ్మీర్ శాసనసభలో ఆ ప్రాంతానికి ఉండిన నాలుగు స్థానాలు దాంతో పోయాయి. లేహ్‌లోనూ కార్గిల్‌లోనూ స్వయంప్రతిపత్తి గల కొండప్రాంత మండళ్లు ఉన్నా, వాటికి చట్టాలు చేసే అధికారం లేదు. రాజ్యసభలో లద్దాఖ్‌కు స్థానమే లేదు కనుక, చట్టసభలో దాని తరఫున మాట్లాడవలసినవారు ఇప్పుడు ఆ ఒక్క లోక్‌సభ సభ్యుడే.