ఆవిరి మీద జపాన్ మిఠాయిలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మైదా, చక్కెరతో జపాన్ వాళ్ల మంజూ చేశానండీ. లోపల తీపి పప్పు ముద్ద పెట్టి ఇడ్లీ పాత్రలో ఉడికించాను. పైన పగుళ్లొచ్చాయి, అక్కడక్కడా పసుపు చుక్కలు పడ్డాయి, తింటే సబ్బు వాసన. పొరపాటు ఎక్కడ?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: చుక్కలూ, సబ్బు వాసనా రెండూ వంట సోడా వల్లే. పొడి సోడాను పిండిలో కలిపితే కొన్ని రేణువులు కరగవు. అవి ఉన్నచోటల్లా మైదా పసుపురంగుకు తిరుగుతుంది. ఎప్పుడైనా చెంచాడు నీళ్లలో కరిగించాకే కలపండి.

ఈసారి బెల్లంతో చేయండి. జపాన్‌లో వేడినీటి బుగ్గల ఊళ్లలో అమ్మే గోధుమరంగు మంజూలో వేసేది చెరకు రసం కాచి చేసిన నల్ల చక్కెర. దానికి మన బెల్లమే అన్నిటికన్నా దగ్గర. 70 గ్రాముల బెల్లం తురుమును 30 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లార్చండి. వేడిగా ఉండగా సోడా పడితే పొంగంతా గిన్నెలోనే అయిపోతుంది. కరిగించిన సోడా అర చెంచా, జల్లించిన మైదా 120 గ్రాములు వేసి గరిటెతో కలపండి. చపాతీ పిండిలా పిసకొద్దు, పిసికితే సాగి ముడుచుకుంటుంది. మూతపెట్టి అరగంట ఉంచితే చెవి తమ్మెంత మెత్తనవుతుంది. 12 ఉండలు చేసి, ఒక్కోదానిలో 25 గ్రాముల పప్పు ముద్ద పెట్టి మూయండి.

పగుళ్లకు ముఖ్య కారణం మంట. ఆవిరి మరీ ఉధృతంగా తగిలితే పైపొర గట్టిపడేలోపే లోపలి గాలి చీల్చుకొస్తుంది. నీళ్లు మరిగాక మధ్యస్థం కన్నా కొంచెం ఎక్కువ మంట మీద 10 నుంచి 12 నిమిషాలు చాలు. పొర ఒకచోట పలచగా ఉన్నా, ముద్ద పల్చనైనా అక్కడే పగులుతుంది. ఆవిరికి పెట్టేముందు ఉండల మీద నీళ్లు సన్నగా చిలకరించండి: అంటుకున్న పొడిపిండి కరిగి పైన నున్నగా వస్తుంది. మూతకు పొడి గుడ్డ కట్టడం మరవొద్దు. మూత నుంచి నీటి చుక్క పడినచోట పొర ఊడిపోతుంది. ఇడ్లీ గుంటలు కాకుండా చిల్లుల పళ్ళెం మీద బటర్ పేపర్ ముక్కలు వేసి, రెండు వేళ్ల ఎడంతో పెట్టండి. దింపగానే విసనకర్రతో విసిరితే మెరుపు వస్తుంది.

ప్రశ్న: మంజూ లోపలి తీపి ముద్దకు జపాన్‌లో వాడే చిన్న ఎర్ర గింజలు, అజుకి, దొరకలేదు. బదులుగా ఏం వాడొచ్చు?
– మియాపూర్

జవాబు: ఎర్ర బొబ్బర్లు నిస్సంకోచంగా వాడండి. 200 గ్రాములు ఆరు గంటలు నానబెట్టి, ఒక పొంగు రాగానే ఆ నీళ్లు పారబోయండి, వగరు పోతుంది. తర్వాత కొత్త నీళ్లతో వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించాలి. బోరు నీళ్లలో గింజ బిరుసుగానే ఉండిపోతుంది, నల్లాలో వచ్చే మంజీరా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. గింజ పూర్తిగా మెత్తబడ్డాకే 160 గ్రాముల చక్కెర రెండు విడతలుగా వేయాలి. ముందే వేస్తే ఇక మెత్తబడదు. చిటికెడు ఉప్పు వేసి, గరిటెతో అడుగున గీత గీస్తే అది పూడకుండా నిలిచేదాకా దగ్గరపడనివ్వండి.

ప్రశ్న: మన బియ్యప్పిండితో మోచి (జపాన్ వాళ్ల సాగే బియ్యం ముద్ద) చేస్తే సాగదెందుకు?
– సైనిక్‌పురి

జవాబు: సోనామసూరిలో ఎమైలోజ్ అనే ఒక రకం పిండిపదార్థం ఎక్కువ. మోచి బియ్యంలో అది దాదాపు ఉండదు, అందుకే సాగుతుంది. సాగే మోచి కావాలంటే అస్సాం బోరా బియ్యం లాంటి జిగురు బియ్యం తెచ్చుకోవాల్సిందే.

ఉన్న పిండితోనే చేయాలంటే జపాన్‌లోని నగోయాలో పేరున్న ఉయిరో అనే ఆవిరి మిఠాయి మంచి దారి. అది మామూలు బియ్యప్పిండితోనే చేస్తారు. మెత్తని పొడి బియ్యప్పిండి 70 గ్రాములు, మైదా 50, చక్కెర 90, నీళ్లు 280 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు కలిపి వడగట్టండి. బియ్యప్పిండి త్వరగా అడుక్కి దిగి, కింద గట్టి పొర, పైన నీరు మిగులుతుంది. అలా కాకుండా సన్నసెగ మీద కలుపుతూ గరిటెకు పల్చగా పట్టేదాకా ఉంచి, నెయ్యి రాసిన 15 సెంటీమీటర్ల చదరపు గిన్నెలో పోసి 35 నిమిషాలు ఆవిరి పట్టండి. పూర్తిగా చల్లారాక తడి చాకుతో కోయాలి, వేడిమీద కోస్తే చాకుకు అతుక్కుంటుంది.

జపాన్‌లోని క్యోటోలో జూన్ 30న తినే మినజుకి అనే మిఠాయి కూడా ఇదే. కొంచెం పిండి పక్కనుంచి, 25 నిమిషాలకు పైన తీపి గింజలు పరిచి, ఆ పిండి పోసి మరో 10 నిమిషాలు ఉడికించి, త్రికోణాలుగా కోస్తారు.

ప్రశ్న: ఈ మిఠాయిలు ఫ్రిజ్‌లో పెడితే రాయిలా అవుతున్నాయి.
– మెహదీపట్నం

జవాబు: ఫ్రిజ్ చల్లదనంలో ఉడికిన పిండి అన్నిటికన్నా త్వరగా గట్టిపడుతుంది. మిగిలితే ఒక్కొక్కటీ విడిగా చుట్టి నేరుగా ఫ్రీజర్‌లో పెట్టండి. తినేముందు కరగబెట్టకుండానే మంజూకు ఏడెనిమిది నిమిషాలు ఆవిరి పట్టండి. ఎండాకాలం మన ఊళ్లో బయట మాత్రం ఉదయం చేసినవి సాయంత్రంలోపే తినేయాలి, పప్పు ముద్ద పులుస్తుంది.