తుఫానుకి హామ్ రేడియో సెట్: ప్యానెల్ కన్నా బ్యాటరీ లెక్క ముందు

ప్రశ్న: సార్, మాది ఉప్పాడ దగ్గర. మొన్ననే హామ్ (సరదాకి సొంతంగా నడుపుకునే రేడియో) లైసెన్స్ వచ్చింది, 100 వాట్ల హెచ్‌ఎఫ్ (దూరాలకి మాట్లాడే షార్ట్‌వేవ్) సెట్ కొన్నా. ఇంట్లో 150 ఏహెచ్ (ఆంపియర్-గంటలు) ఇన్వర్టర్ బ్యాటరీ, మేడ మీద 100 వాట్ల ప్యానెల్ ఉన్నాయి. తుఫానొచ్చి కరెంట్ పోతే సెట్ ఎన్ని రోజులు నడుస్తుంది? షాపాయన ఇంకో రెండు ప్యానెళ్లు వేయించమంటున్నాడు.

జవాబు: షాపాయన అలాగే అంటాడు లెండి. మబ్బు మూసుకుపోయిన రోజున 300 వాట్ల ప్యానెళ్లు కూడా ముప్పై నలభై వాట్లిస్తే గొప్ప, పైగా గాలికి లేచి పక్కింటి రేకుల మీద పడకుండా ముందే విప్పి లోపల పెట్టుకోవాల్సిందే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటూ సెల్ సిగ్నలూ రెండూ పోయాయి కదా, అలాంటప్పుడు మొదటి రెండ్రోజులు బ్యాటరీయే దిక్కు, ప్యానెల్ పని ఎండొచ్చాకే.

ఇప్పుడు లెక్క. మీ సెట్ ఊరికే వింటూ ఉంటేనే దాదాపు 1 ఆంపియర్ లాగుతుంది, అంటే గంటకి 1 ఏహెచ్, రోజంతా ఆన్‌లో పెడితే 24 ఏహెచ్ వినడానికే అయిపోయింది, మాట్లాడేదానికి రోజుకి ఇంకో పది వేసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కన్నా దించకూడదు కాబట్టి మీ చేతిలో ఉన్నది 75, అంటే రెండ్రోజులు. అదే అవతలి స్టేషన్‌తో ముందే మాట్లాడుకుని గంటకి పది నిమిషాలే ఆన్ చేస్తే వినడానికి రోజుకి 4 ఏహెచ్ చాలు! మాట్లాడేటప్పుడు పవర్ కూడా 20 వాట్లకి దించండి, చాలాసార్లు అది సరిపోతుంది. తుఫాను హెచ్చరిక రాగానే బ్యాటరీ ఫుల్ చేసేయండి.

సెట్‌ని ఇన్వర్టర్ ప్లగ్‌లో పెట్టకండి, 12 వోల్టుల్ని 230 చేసి మళ్లీ 13.8కి దించడం దండగ. నేరుగా బ్యాటరీకే, ఫ్యూజ్ వేసి, లావుపాటి పొట్టి వైరుతో కలపండి. సన్న వైరైతే మైక్ నొక్కగానే వోల్టేజ్ పడిపోయి సెట్ ఆగిపోతుంది.

ఇంకోటి, పగలు మాత్రమే 7 మెగాహెర్ట్జ్‌లో గుయ్యిమంటోందా? ప్యానెల్ మీద దుప్పటి కప్పి చూడండి, ఆగితే అసలు దొంగ ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలరే. నేను ఇది తెలీక నెలరోజులు యాంటెన్నాని తిట్టుకున్నా. దాని వైర్లకి ఫెరైట్ రింగులు (రేడియో గోలని అడ్డుకునే నల్లటి రింగులు) వేస్తే చాలావరకు తగ్గుతుంది, లేదంటే వినే పది నిమిషాలూ ప్యానెల్ వైరు పీకేయండి.