భుజం టెండన్ తెగితే ఓపెన్ సర్జరీనా, కీహోలా?

మీ నాన్నగారికి 58 ఏళ్లు, ఎమ్మారైలో సుప్రాస్పైనేటస్ (చెయ్యి పైకి లేపే భుజం కండ) టెండన్ పూర్తిగా తెగి 2 సెంటీమీటర్ల చిరుగుందని తేలింది, ఒక డాక్టరు కోసి కుడతానంటే ఇంకొకరు కీహోల్‌లో, అంటే చిన్న రంధ్రాల గుండా, డబుల్ రో (రెండు వరసల కుట్లు) వేస్తానన్నారు, ఏది మంచిదని అడిగారు కదా. నేను డాక్టర్ని కాదు, రెండేళ్ల కిందట బెంగళూరులో కుడి భుజానికి ఇదే చేయించుకున్నవాణ్ణి. మారతహళ్లిలో వానకి బండి జారి చెయ్యి నేలకి ఆనించా, అంతే.

మొదట చూపించిన చోట ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం) అని మూడు నెలలు తిప్పారు. నా అంతట నేను చెయ్యి లేపలేకపోయేవాణ్ణి గానీ వాళ్లు పట్టుకుని లేపితే హాయిగా లేచేది. ఫ్రోజెన్ అయితే ఎవరు లేపినా లేవదని తర్వాత తెలిసింది. ఊళ్లో మా అమ్మ మాత్రం అందరికీ "నరం తెగింది" అనే చెప్పింది. నరం కాదమ్మా, కండని ఎముకకి పట్టించే తాడు అంటే వినదు.

కోత పెద్దదైనా చిన్న రంధ్రాలైనా లోపల పని ఒకటే. ఎముకని కాస్త గీకి, యాంకర్లు (దారాలున్న చిన్న మేకుల్లాంటివి) దింపి, వాటి దారాలతో టెండన్‌ని లాగి కడతారు. కీహోల్‌లో మొదటి వారాల నొప్పి తక్కువ, ఏడాది దాటాక ఫలితం దాదాపు సమానం. సింగిల్ రో అంటే ఒకే వరస యాంకర్లు. డబుల్ రో అంటే లారీ మీద టార్పాలిన్ కట్టినట్టు, దారాల్ని టెండన్ మీదుగా అడ్డదిడ్డంగా దాటించి అవతలి వరసలో బిగిస్తారు, ఎముకకి గట్టిగా అదిమి ఉంటుంది. పెద్ద చిరుగుల్లో ఇది మళ్లీ తెగడాన్ని తగ్గిస్తుందంటారు, చిన్నవాటికి పెద్ద తేడా లేదు. నాకు మూడు యాంకర్లు పడ్డాయి, ఎస్టిమేట్‌లో ఒక్కోదాని ధర విడిగా రాయించుకోండి.

నన్నడిగితే వరసల గొడవ కన్నా ముందు అడగాల్సింది, టెండన్ ఎంత వెనక్కి జారింది, కండలో కొవ్వు ఎంత చేరింది అని. ఆ కొవ్వుకి గుటాలియే గ్రేడ్ అని 0 నుంచి 4 వరకు ఉంటుంది. 3, 4 అయితే ఎంత బాగా కుట్టినా నిలవడం కష్టం, అప్పుడు రివర్స్ షోల్డర్ మార్పిడి (కృత్రిమ భుజం కీలు పెట్టడం) లాంటివి మాట్లాడతారు.

ఆపరేషన్ కన్నా తర్వాతదే నాకు నరకం. చెయ్యి మొద్దుబారడానికి మెడ దగ్గరిచ్చిన మత్తు ఇంజెక్షన్‌కి ఆ రాత్రి చెయ్యి పక్కన ఎవరిదో పెట్టినట్టుంది, కుడి కనురెప్ప కూడా వాలిపోతే మా ఆవిడకి టెన్షన్, పొద్దున్నకి అదే సర్దుకుంటుందని నర్సు చెప్పింది. ఆ మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేసుకోవాలి, నేను వేసుకోక తెల్లవారుజామున ఏడ్చా. ఆరు వారాలు స్లింగ్, కుర్చీలో వాలి నిద్ర, ఎడమ చేత్తో స్పూన్ పట్టి పప్పన్నం. చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. నొప్పి తగ్గింది కదా అని ఏడో వారంలో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తబోతే మా ఆవిడ అరుపుకి కింద ఫ్లోర్ వాళ్లు పైకొచ్చారు. బరువులు మూడు నెలల దాకా ముట్టకూడదన్నారు మరి.

రిపోర్టులో ఆ గ్రేడ్ ఉందేమో చూసి చెప్పండి. నాన్నగారికి షుగర్, సిగరెట్ ఉన్నాయా? ఉంటే అతుక్కోవడం నెమ్మదిస్తుంది, ఆ సంగతి సర్జన్‌కి ముందే చెప్పండి.