ఉగాదికి ముందు నాలుగు వారాలు

పాపా,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పొయ్యి మీద పాలున్నాయి, నీకేమో మీటింగుకు టైమైంది. "తిరుపతికి వచ్చి ఆరు నెలలైంది పెద్దమ్మా, ఎండలు ముదిరేలోపు పిల్లదాన్ని ఎక్కడికైనా తీసుకుపోవాలి, కానీ ప్లాన్ చేయాలంటేనే టెన్షన్" అన్నావు. ఆ మాట రాత్రంతా మనసులోనే ఉంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకో. మన వైపు వసంతం చాలా చిన్నది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అక్కడ మొదలైతే శ్రీరామనవమి పానకం తాగేసరికి అయిపోతుంది. ఆ తర్వాత 40 డిగ్రీలు. బడి సెలవులిచ్చాక చూద్దాం అనుకుంటే మిగిలేది ఎండే.

ఈ పొరపాటు నేనే చేశాను. మీ అన్న చిన్నప్పుడు, మే నెలలో, చుట్టాలతో కలిసి తొమ్మిది మందిమి తలకోనకు పోయాం. ఇంట్లో అందరూ తయారై బయల్దేరేసరికి ఆలస్యమై, మిట్టమధ్యాహ్నం చేరాం. 270 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతమని వాడికి ఎంతో చెప్పి తీసుకుపోయాను. చూస్తే బండ మీద సన్నటి తడి. మన కొండల్లో వాగులు నిండేది అక్టోబరు, నవంబరు వానలకు. మే దాకా నీళ్లెక్కడుంటాయి? కాలిన బండల మీద చెప్పుల్లేకుండా నడిచి వాడి పాదాలు బొబ్బలెక్కాయి. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. కాలం తెలుసుకోకుండా పిల్లవాణ్ణి తీసుకుపోయానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి ఈ నాలుగు వారాల్లో ఒక్కసారే ఊరు దాటు. మిగతాదంతా ఇంటి దగ్గరే ఉంది.

మీ మిద్దె మీద నాలుగు కుండీలున్నాయి కదా, వాటిలో ఒక దాంట్లో గుండుమల్లి పెట్టు. నర్సరీలో మొగ్గ పట్టిన చెట్టే అడిగి తెచ్చుకో. పొద్దంతా ఎండ తగిలే మూలన పెట్టు, నీడలో ఆకులే తప్ప మొగ్గ రాదు. సాయంత్రం నాలుగింటికి ఆఫీసు పని అయినా కాకపోయినా లేచి, పిల్లదాన్ని వెంటబెట్టుకుని మొగ్గలు కోయి. తెల్లగా ఉబ్బినవే కోయాలి, పచ్చగా ఉన్నవి రేపటికి. అవి రాత్రి ఎనిమిది, తొమ్మిదికి విచ్చుకుంటాయి. దండ కట్టడం రాదని బజారులో మూరలు కొనుక్కోకు. ఈ ఆదివారం ఇటు రా, నేను నేర్పిస్తాను. పిల్ల చేతులతో వంకరగా కట్టిన దండ నీ తలలో ఉంటే, అదెంత సంతోషమో నీకే తెలుస్తుంది.

చీకటి పడేముందు మిద్దె మీద రెండు బకెట్ల నీళ్లు చల్లు. గచ్చు వేడంతా లాగేసి, ఏడున్నరకు చాప వేసుకునేట్టు అవుతుంది. అక్కడే అన్నాలు తినండి. రాగిసంగటి, ఊరిబిండి చాలు, వేరే వంటేమీ వద్దు. తిన్నాక లైటు ఆర్పేసి కొండవైపు చూడండి. ఘాట్ రోడ్డు దీపాలు మెలికలు తిరుగుతూ పైదాకా కనిపిస్తాయి. మేము పిల్లలుగా ఉన్నప్పుడు మీ అమ్మా నేనూ కొండ దిగే బస్సుల దీపాలు లెక్కపెట్టేవాళ్లం. ఎవరిది ముందు అలిపిరికి చేరితే వాళ్లు గెలిచినట్టు. నీ కూతురికి ఆ ఆట నేర్పు. ఆ గంటసేపు మీ ఇద్దరి ఫోన్లూ కిందే ఉండాలి, అల్లుడు గారితో కూడా నేను చెప్పానని చెప్పు.

ఇక వేప్పూత. ఫాల్గుణం చివరికి మీ వీధి చివర చెట్టు పూతకు వస్తుంది. రాత్రి పడుకునేముందు చెట్టు కింద పాత నూలు చీర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టు. తెల్లారేసరికి సన్నటి పూత రాలి ఉంటుంది. పుల్లా ఆకూ ఏరేసి ఆరబెట్టు. పిడికెడు పక్కన పెట్టి ఉగాది పచ్చడిలో వాడు, మిగతాది సీసాలో పోసుకుంటే ఏడాదంతా చారుకు పనికొస్తుంది. నేతిలో దోరగా వేయించి దించేముందు వేయాలి. ఇదే రోజుల్లో కొత్త చింతపండు, కొత్త బెల్లం వస్తాయి. మామిడి పిందెలు గాలికి రాలతాయి. ఉగాది పచ్చడిలో పడేవి చాలావరకు మన చుట్టూ ఒకేసారి చేతికొచ్చేవే. పిల్లదానికి ఇది పుస్తకంలో చెప్పడం కంటే పూత ఏరించి చెప్పడం మేలు.

నీళ్లకు మట్టికుండ కొను. తెచ్చిన రోజే తాగొద్దు. రెండు రోజులు నీళ్లు నింపి పారబోసి, మూడో రోజు నుంచి తాగండి. ఇసుక మీద, గాలి ఆడేచోట పెట్టాలి. నీళ్లు కుండకు బయట చెమర్చి ఆరితేనే లోపల చల్లబడతాయి. అందుకే పైన రంగు పూసిన కుండలు పనికిరావు.

ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేట్టు తిరుమలలో అయిదు రాత్రులు తెప్పోత్సవం జరుగుతుంది. మొదటి రాత్రి సీతారామలక్ష్మణులు, రెండో రాత్రి రుక్మిణీ కృష్ణులు, మిగతా మూడు రాత్రులు శ్రీవారి ఉత్సవమూర్తి మలయప్ప స్వామి దేవేరులతో తెప్ప మీద తిరుగుతారు. దర్శనం టికెట్టు దొరకలేదని ఆగిపోకండి. పుష్కరిణి మెట్ల మీద చోటు దొరికితే చాలు. సాయంత్రమే పోయి కూర్చోండి, పిల్లకు స్వెట్టరు తీసుకుపో.

ఊరు దాటేది మాత్రం హార్స్‌లీ కొండకు. ఒకప్పుడు కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాక ఈ పేరొచ్చింది. అంతకుముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు కాబట్టి మార్చిలో కూడా రాత్రి దుప్పటి కావాలి. శని, ఆదివారాల్లో బెంగుళూరు వాళ్లు వచ్చేస్తారు. రెండు వారాల ముందే గది మాట్లాడుకో.

శనివారం తెల్లవారుజామున బయల్దేరండి. కానీ భాకరాపేట ఘాట్ మాత్రం వెలుతురు వచ్చాకే ఎక్కాలి, తిరుగు ప్రయాణంలో కూడా పొద్దుండగానే దిగాలి. ఇది నా మాటగా అల్లుడు గారికి గట్టిగా చెప్పు. పీలేరులో టీ తాగి, మదనపల్లె దాటితే కొండ ఎక్కడమే. పులిహోర, పెరుగన్నం కట్టుకుపో. కోతులుంటాయి, సంచి చేతిలో ఊపుకుంటూ తిరగొద్దు.

పైకి చేరాక ఏ పనీ పెట్టుకోకండి. దారిలోనే కదా అని బోయకొండ, ఇంకోటి, ఇంకోటి కలిపితే మళ్లీ ఆ టెన్షనే. మధ్యాహ్నం పడుకోండి. సాయంత్రం గాలిబండ దగ్గరికి పోయి పొద్దుగూకేదాకా కూర్చోండి. అక్కడ గాలికి చీర కొంగు నిలవదు, పిల్ల చేయి మాత్రం వదలకు. ఆదివారం పొద్దున్నే నీలగిరి చెట్ల కింద నడవండి. రాలిన ఆకు ఒకటి నలిపి దాని ముక్కు దగ్గర పెట్టు. జలుబుకు మనం వాడే నీలగిరి తైలం వాసన ఎక్కడి నుంచి వస్తుందో దానికే అర్థమవుతుంది.

అంత దూరం ఈసారి కుదరకపోతే బాధపడొద్దు. పుత్తూరు దాటి నారాయణవనం దగ్గర కైలాసకోన ఉంది. ధార సన్నగానే ఉంటుంది కానీ ఎండలకు కూడా నీళ్లు పడతాయి. పొద్దున ఏడింటికల్లా అక్కడుంటే జనం వచ్చేలోపు తడిసి, తినేసి, ఎండెక్కకముందే ఇంటికి రావచ్చు.

ఆదివారం వచ్చేటప్పుడు ఒక పాత నూలు చీర తీసుకురా. మా పెరట్లో వేప అప్పుడే మొగ్గ వేసింది. అల్లుడు గారికి నా ఆశీస్సులు, పిల్లదానికి ముద్దులు.

మీ పెద్దమ్మ