నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు

ప్రశ్న: డాలస్ వచ్చి ఆరేళ్లయింది. గుంటూరులో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఇక్కడ భర్త మీద ఆధారపడి వచ్చే హెచ్-4 వీసా కావడంతో ఉద్యోగం లేక ఇంట్లోనే ఉంటున్నాను. మావారు ఇంటికొచ్చాక కూడా ల్యాప్‌టాప్ వదలరు. ఏమన్నా అంటే "నీకేం తక్కువ?" అంటారు. తొమ్మిదో తరగతి చదివే మా పాపకు స్కూల్లో ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ నవల ఇస్తే నేనూ చదివాను. అందులో పొలం యజమాని కొడుకు కర్లీ భార్యకు పేరే లేదు. నేనూ ఇక్కడ ఫలానావారి మిసెస్‌ని, పాపవాళ్ల మమ్మీని. పుస్తకం మూసి చాలాసేపు ఏడ్చాను. ఈమధ్య పాప దగ్గరికొచ్చినా కసురుకుంటున్నాను. ఏం చేయను?
– ఒక సోదరి

జవాబు: ఆ పేరు లేకపోవడం నన్నూ చాలా రోజులు వెంటాడింది. జాన్ స్టైన్‌బెక్ 1937లో రాసిన ఆ చిన్న నవలలో ఆ పొలంలో పనిచేసే స్లిమ్ పెంచుకునే కుక్కకు కూడా లూలూ అని పేరుంది. ఆమెకు లేదు. కథ జరిగేది కాలిఫోర్నియాలోని సోలెడాడ్ అనే ఊరి దగ్గర. స్పానిష్‌లో ఆ మాటకు ఒంటరితనమనే అర్థం.

అయితే మీరు ఆమె దగ్గరే ఆగిపోయారు. శనివారం రాత్రి, గుర్రాలను చూసుకునే క్రుక్స్ గదిలో జరిగింది మరోసారి చదవండి. నల్లవాడని అతన్ని మిగతా కూలీలు తమ బసలోకి రానివ్వరు. గుర్రాల సామాను పెట్టే గదిలో ఒక్కడే పడుకుంటాడు. ఆ రాత్రి లెనీ వస్తాడు. పసివాడి మనసున్న కూలీ, నేస్తం జార్జే అతనికి దిక్కు. మనిషి కోసం మొహం వాచిపోయిన క్రుక్స్, వచ్చినవాణ్ణి ఏడిపిస్తాడు. జార్జ్ తిరిగిరాకపోతే నీ గతేంటని లెనీ బెదిరిపోయేదాకా వదలడు. తర్వాత ముసలి కూలీ క్యాండీ వస్తాడు. ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేస్తున్నా క్రుక్స్ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. చివరికి కర్లీ భార్య కూడా వస్తుంది. పొమ్మన్నారన్న ఉక్రోషంతో, తలచుకుంటే నిన్ను చెట్టుకు ఉరి తీయించగలనని క్రుక్స్‌నే బెదిరిస్తుంది. అందరూ తోడు కోసం అల్లాడుతున్నవాళ్లే!

మీ కసురు కూడా అక్కడిదేనమ్మా. పాప మీ గదిలోకి వస్తోంది, రానివ్వండి. ఆ అధ్యాయం ఇద్దరూ కలిసి పైకి చదవండి. చదివి ఏడ్చానని దానికి చెప్పండి. కసురుకున్నందుకు నొచ్చుకుంటున్నానని కూడా చెప్పండి. ఆ వయసు పిల్లకు అర్థమవుతుంది.

ఇక మీవారు. కర్లీ భార్య తన బతుకంతా లెనీకి ఏకబిగిన చెప్పుకుంటుంది, సినిమాల్లో చేరాలనుకోవడం, ఎదురుచూసిన ఉత్తరం రాకపోవడం, అన్నీ. అతని ధ్యాసంతా తను పెంచాలనుకునే కుందేళ్ల మీదే. అందుకే ఆయన ల్యాప్‌టాప్ ముందున్నప్పుడు చెప్పొద్దు. భోజనాలయ్యాక ఫోన్లు ఇంట్లో పెట్టి ఇద్దరూ అరగంట నడవండి. "నీకేం తక్కువ?" అంటే, "మాట్లాడే మనిషి తక్కువ" అని నెమ్మదిగా, సూటిగా చెప్పండి. పేరు పెట్టి పిలవమని అడగండి. ఇందులో నామోషీ ఏం లేదు.

గ్రీన్‌కార్డు కోసం ఆయన కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదమైందేమో కనుక్కోండి. అయివుంటే, 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం మీరు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయొచ్చు. అది వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీకి వారంలో ఒకే రోజు, ఒకే వేళకు వెళ్లండి. ముఖాలు పరిచయమవడానికి అదే దారి. అక్కడ ఎవరైనా పేరడిగితే మీ పేరే చెప్పండి, పాప పేరు కాదు.

నిద్ర పట్టక, తిండి సయించక, పొద్దున లేవబుద్ధికాక రెండు వారాలు దాటితే డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే 988కి ఫోన్ చేయండి. అమెరికాలో ఎక్కడినుంచైనా రాత్రీపగలూ పలుకుతారు.

మళ్లీ రాసేటప్పుడు ‘ఒక సోదరి’ అని వదిలేయకండి. పేరు రాయండి. అచ్చు వేయను, జవాబు మాత్రం ఆ పేరుతోనే మీకు విడిగా రాస్తాను.