గాజువాకలో బ్లౌజుల షాపుకి తక్కువ ఖర్చులో ఆన్‌లైన్ పబ్లిసిటీ: నా అనుభవం

గాజువాకలో బ్లౌజుల షాపు పెట్టి నాలుగు నెలలైంది, ఆన్‌లైన్ పబ్లిసిటీకి ఏజెన్సీ వాళ్ళు నెలకి 15 వేలు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా అని అడిగారు కదండి. ఇప్పుడే ఇవ్వకండి. నేను గోపాలపట్నంలో ఆరేళ్ళుగా మగ్గం వర్క్ చేస్తున్నాను, ఆ తప్పు నేను చేసేశాను కాబట్టి చెప్తున్నా.

మొదట్లో ఆన్‌లైన్ పబ్లిసిటీ చేసే ఒకాయనకి నెలకి 12 వేల చొప్పున మూడు నెలలు ఇచ్చాను. పేజీకి లైకులు బాగానే వచ్చాయి గానీ సగం మంది అసలు తెలుగువాళ్ళే కాదు, వాటిని చూసి జాకెట్ గుడ్డ పట్టుకుని షాపు మెట్టెక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. అంతకంటే పెద్ద దెబ్బ ఏంటంటే గూగుల్ మ్యాప్స్‌లో మా షాపుని ఆయన తన మెయిల్ మీద పెట్టేసుకున్నాడు, మానేశాక ఫోన్ నంబర్ మార్చుకుందామన్నా నా చేతిలో లేదు, షాపు నాదేనని గూగుల్‌కి ఓనర్‌షిప్ రిక్వెస్ట్ పెట్టి నానా తంటాలు పడి వెనక్కి తెచ్చుకున్నా. అందుకే ఎవరికి పని ఇచ్చినా అకౌంట్లు మీ మెయిల్ మీదే ఉండాలి, వాళ్ళని మేనేజర్‌గా యాడ్ చేస్తే చాలు.

నాకు గిరాకీ తెచ్చింది ఆ మ్యాప్సే. మ్యాప్స్‌లో మన షాపు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఫ్రీ అండి, షాపు నిజంగా ఉందని చూడ్డానికి సాధారణంగా బోర్డు, రోడ్డు, లోపల మిషన్లు కనపడేలా వీడియో తీసి పంపమంటారు, అంతే. డబ్బులిస్తే మ్యాప్‌లో పైకి తెస్తాం అనేవాళ్ళని నమ్మకండి, దూరం ఎంత, వెతికిన పనికి మీ షాపు సరిపోతుందా, ఎంత పేరుంది అన్నవి చూసి గూగుల్ చూపిస్తుంది, డబ్బుకి ఆ ర్యాంక్ అమ్మదు. రివ్యూ మాత్రం కస్టమర్ బ్లౌజ్ వేసుకుని అద్దం ముందు తిరిగి చూసుకునేటప్పుడే అడగాలి, ఇంటికెళ్ళాక ఎవరూ రాయరు, నేను అద్దం పక్కనే రివ్యూ పేజీ తెరుచుకునే క్యూఆర్ కోడ్ అంటించాను. రివ్యూకి డిస్కౌంట్ ఇవ్వడం గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, ఆ పని చేయొద్దు. ఒకసారి ఒకావిడ చంక దగ్గర పట్టేసిందని ఒక్క స్టారే ఇచ్చారు, ఆ రాత్రంతా నిద్రపట్టలేదు నాకు, పొద్దున్నే "తీసుకురండమ్మా, కుట్టు విప్పి సరిచేసి ఇస్తాను" అని కిందే రాశాను, వచ్చారు, లోపల వదిలిన గుడ్డ ఉంది కాబట్టి అరగంటలో అయిపోయింది, ఆవిడే రివ్యూ మార్చి రాశారు. ఇప్పటికీ కొత్తవాళ్ళు అది చదివే వచ్చామంటారు.

వాట్సాప్ బిజినెస్ కూడా ఫ్రీయే. కేటలాగ్‌లో ప్రతి ఫొటో కింద రేటు పెట్టేయండి, రేటెంతని అడిగితే ఇన్‌బాక్స్‌కి రండి అనడం నాకు అస్సలు నచ్చదు, అడిగినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మంది దాకా, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది, కాబట్టి కొలతలు రాసుకునేటప్పుడే వాళ్ళ ఫోన్లో మీ నంబర్ సేవ్ చేయించండి.

యాడ్స్ చివర్లో, అదీ సీజన్ ముందే. నేను శ్రావణానికి మూడు వారాల ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకి 150 చొప్పున 10 రోజులు పెడతాను, 1500 ప్లస్ 18 శాతం జీఎస్టీ. మొదటిసారి ఏరియా అని విశాఖపట్నం మొత్తం పెట్టేస్తే భీమిలి నుంచి మెసేజ్‌లు వచ్చాయి, అంత దూరం నుంచి ట్రయల్‌కి ఎవరొస్తారు చెప్పండి? తర్వాత షాపు మీద పిన్ పెట్టి చుట్టూ 5 కిలోమీటర్లే ఇచ్చాను, మాకు దగ్గర్లోని ఎన్ఏడీ, వేపగుంట వాళ్ళు రావడం మొదలైంది. మీకైతే కూర్మన్నపాలెం, ఉక్కునగరం, పెదగంట్యాడ చాలు. వీడియోకి ఖర్చేం వద్దు, ఫ్రేమ్ మీద సూది కదులుతుంటే కిటికీ వెలుతురులో ఫోన్‌తో 20 సెకన్లు తీయండి.

ముందు ఈ రాత్రికే మ్యాప్స్‌లో మీ అడ్రస్ కొట్టి చూడండి. మాకు ఖాళీ చేసెళ్ళిన పాత మెడికల్ షాపు పేరే ఇంకా చూపిస్తుండేది, అలాగే ఉంటే మూసేశారని రిపోర్ట్ కొట్టి, తర్వాత మీది పెట్టుకోండి.